నిర్దేశమునకు అర్థమును మార్చు అధికారము కలదా?

సీ భాషలో వ్రాసిన ప్రోగ్రాము యంత్రమును ఉద్దేశించి చెప్పిన మాట అని సామాన్యముగా అనుకొందుము. కాని ఆ ప్రోగ్రాము నడుమ అక్కడక్కడ, హాష్ గుర్తుతో మొదలై, యంత్రమును గాక కంపైలరును సంబోధించు పంక్తులు కొన్ని కనబడును. వీనిలో ఇన్‌క్లూడ్, డిఫైన్ మొదలగువాని స్వభావము భాషా ప్రమాణమునందే నిర్ణీతమై యున్నది గనుక వానిని గూర్చి పెద్ద వివాదము లేదు. వివాదమంతయు ప్రాగ్మా అను నిర్దేశమును గూర్చియే. 1978లో వెలువడిన కెర్నిహన్, రిచీల గ్రంథమునందు దీని పేరైనను లేదు. 1989లో అమెరికా ప్రమాణసంస్థ సీ భాషకు తొలి ప్రమాణమును ఏర్పరచినప్పుడు, ప్రతి కంపైలరును తనకు తోచిన పని చేయుటకు వీలుగా దీనికి చోటు కల్పించి, తనకు తెలియని ప్రాగ్మా ఎదురైనచో దానిని లెక్కచేయక ముందునకు సాగవలెనని శాసించిరి. ఒకే పంక్తి ఒక కంపైలరునకు శాసనమై, మరియొక కంపైలరునకు శూన్యమైనప్పుడు, ఆ పంక్తి గల ప్రోగ్రామునకు అర్థమేమి అను ప్రశ్న ఆనాడే పుట్టినది, నేటికిని తీరలేదు. ఇంజనీరింగు కళాశాలలో చిరకాలము సీ భాషను బోధించి విశ్రమించిన శాస్త్రిగారికిని, ఆయన యొద్ద చదివి ఇప్పుడు పరికరములకు కోడు వ్రాయు వృత్తిలో నున్న శారదకును ఈ ప్రశ్నపై జరిగిన సంవాదమిది.

శాస్త్రి : నా పక్షమును ముందుగా సూటిగా చెప్పెదనమ్మా. ప్రోగ్రాము అర్థమును నిర్ణయించు అధికారము భాషది. కంపైలరు చెవిలో చెప్పు మాటకు ఆ అధికారము లేదు. నిర్దేశము వేగమును పెంచవచ్చును, హెచ్చరికలను అణచవచ్చును, ఫలానా లూపును విడదీసి పరచినచో మేలని సలహా చెప్పవచ్చును. కాని దానిని కొట్టివేసి చూచినప్పుడు ప్రోగ్రాము ఇచ్చు ఫలితము మారరాదు. ఈ కొట్టివేత పరీక్షకు నిలిచినదే నిర్దేశము. నిలువనిది నిర్దేశరూపమున చాటుగా చొరబడిన వేరొక భాష. ఇది నా ఒక్కని మతము గాదు. 1995 నాటి ఆడా భాషా ప్రమాణము, కంపైలరు రచయితలు స్వంతముగా కల్పించు ప్రాగ్మాలను తీసివేసినను, తప్పులేని ప్రోగ్రాము అదే అర్థముతో నిలువవలెనని హితవు చెప్పినది. మన సీ భాషలో 1999లో ప్రవేశించిన రెస్ట్రిక్ట్ అను విశేషణమును చూడుము: నియమబద్ధమైన ప్రోగ్రామునుండి దానిని పూర్తిగా తుడిచివేసినను అర్థము మారదని ప్రమాణమే పలుకుచున్నది. 2024లో ప్రకటితమైన సీ23 ప్రమాణము కూడ తాను తెచ్చిన ఆట్రిబ్యూట్లకు ఈ నియమమునే వర్తింపజేసినది. పెద్దలు ఇన్నిమార్లు ఒకే తీర్పు చెప్పిరన్నచో దానికి కారణముండవలెను గదా.

శారద : మాస్టారూ, ఆ పరీక్షలో తొలి అడుగుననే పడిపోవు నిర్దేశమును నేను ప్రతిదినము వాడుచున్నాను, అది లేనిదే నా పని సాగదు. బీఎంపీ అను చిత్రముల ఫైలునే తీసికొనుడు. దాని మొదట ఒక హెడరు ఉండును. అందు మొదటి రెండు బైట్లలో బీ, ఎమ్ అను అక్షరములు; ఆ వెంటనే నాలుగు బైట్లలో ఫైలు పరిమాణము; పిమ్మట రెండేసి బైట్ల గడులు రెండు, ఏమియు లేనివి; తుదను నాలుగు బైట్లలో, చిత్రము ఎచ్చట మొదలగునో తెలుపు సంఖ్య. వెరసి 14 బైట్లు. దీనినే స్ట్రక్చరుగా వ్రాసి కంపైలరు చేతికిచ్చితిమా, నాలుగు బైట్ల సంఖ్య నాలుగుచే భాగింపబడు చిరునామాలోనే ఉండవలెనని అది తలంచి, మొదటి రెండు బైట్ల తరువాత మరి రెండు బైట్లు ప్యాడింగు చొప్పించి, స్ట్రక్చరును 16 బైట్లు చేయును. ఫైలులోని బైట్లను యథాతథముగా అందులోనికి చదివినచో, పరిమాణమునకు బదులు, ఆ పరిమాణపు పై సగమును, పక్కనున్న ఖాళీ గడియు కలిసిన వ్యర్థసంఖ్య చేతికి వచ్చును. ప్యాక్ అను ప్రాగ్మాను పైన వ్రాసి, రెండు బైట్ల హద్దు చాలునని చెప్పినచో స్ట్రక్చరు మరల 14 బైట్లగును. విండోస్ హెడరు ఫైళ్ళలో ఈ స్ట్రక్చరునకు ముందు ఆ నిర్దేశమును పెట్టి, తరువాత ఎత్తివేయుట అందుకే. మీ పరీక్ష ప్రకారము ఇది అక్రమము. లోకములోని ఫైళ్ళు, నెట్‌వర్కు ప్యాకెట్లు, పరికరముల రిజిస్టర్లు చెప్పు తీర్పు ప్రకారము ఇది అవశ్యము. ఎవరి మాట వినవలెను?

శాస్త్రి : నీ ఉదాహరణము నా పక్షమునకే సాక్ష్యము చెప్పుచున్నది. ఆ హెడరును బైటుబైటుగా చదివి, ఒక్కొక్క బైటును ఎనిమిదేసి బిట్ల చొప్పున జరిపి కూర్చినచో, ప్యాడింగుతో పని లేదు. ఏ నిర్దేశముతోను పని లేదు. బైట్లను పెద్దదానితో మొదలిడి పేర్చు యంత్రముపై ఆ ఫైలును చదివితివా, నీ ప్యాక్ నిర్దేశము ప్యాడింగును తీసివేయునే గాని బైట్ల క్రమమును సరిచేయదు. బైటుబైటుగా చదివిన కోడు ఏ మార్పును లేక అక్కడను పనిచేయును. అదియును గాక, ప్యాక్ చేసిన స్ట్రక్చరులోని పరిమాణపు గడి చిరునామాను ఒక పాయింటరులో పెట్టి, వేరొక ఫంక్షనునకు పంపితివనుకొనుము. ఆ ఫంక్షను చేతికి వచ్చినది సాధారణమైన పూర్ణాంకపు పాయింటరు. దాని మూలములోని వక్రత పాయింటరు రకమునందు ఎక్కడను కనబడదు. ఇంటెల్ యంత్రముపై అది సాగిపోవచ్చును. స్పార్క్ యంత్రముపై బస్ ఎర్రరుతో ప్రోగ్రాము అక్కడికక్కడ కూలును. జీసీసీ 9వ కూర్పు నుండి ఇట్టి చిరునామాను తీసికొన్నంతనే హెచ్చరించుట ఈ ప్రమాదమును ఎరిగియే గదా.

దీనికి మించిన దోషము మరియొకటి కలదు. నిర్దేశమునకు హద్దు ఫైలులోని స్థానమే. హెడరు ఫైలు మొదట ప్యాక్ పెట్టి, చివర దానిని ఎత్తివేయుట మరచితిరనుకొనుము. ఆ హెడరు తరువాత ఇన్‌క్లూడ్ చేయబడిన పరాయి హెడర్లలోని స్ట్రక్చర్లన్నియు బిగుసుకొనిపోవును. ఒక సోర్సు ఫైలులో అదే స్ట్రక్చరు ఒక పరిమాణముతోను, ఆ హెడరును వాడని మరియొక సోర్సు ఫైలులో మరియొక పరిమాణముతోను తయారగును. లింకరు ఈ రెంటిని చూచి ఒక్క మాటయైనను అనదు. రెండు ఫంక్షనులు ఒకే వస్తువును గూర్చి మాటాడుకొనుచున్నామని నమ్మి, వేర్వేరు గడులలో వ్రాసికొనుచుండును. అర్థమును మార్చు అధికారమును స్థానమాత్రమున ఇచ్చినందువలన కలిగిన అనర్థమిది.

శారద : ఆ అనర్థమును నేను కాదనను. కాని మీరు చూపిన దోషము నిర్దేశమున కున్న అధికారమునందు లేదు. అది కూర్చున్న చోట నున్నది. అదే ఆజ్ఞను ఆ ఒక్క స్ట్రక్చరునకే అతికించి, ఈ రకమునకు మాత్రమే ఈ అమరిక అని చెప్పినచో, పక్క హెడర్లలోనికి అది పారదు. జీసీసీ రచయితలు ఆట్రిబ్యూటు అను పద్ధతిని తెచ్చినది అందుకే. 1980ల చివర రిచర్డ్ స్టాల్‌మన్ వ్రాసిన జీసీసీ తొలి రూపములలో ప్రాగ్మా కనబడినంతనే, కంపైలు చేయుట మాని, యంత్రములో హాక్, రోగ్ వంటి ఆట ఏదైన నున్నచో దానిని నడుపుట కుపక్రమించు కోడు ఉండెడిది. ఏమి చేసినను ప్రమాణమునకు విరుద్ధము కాదన్నప్పుడు, ఆ అనుమతి ఎంత హద్దులేనిదో ఆయన చేసి చూపిరి. ఆ వర్గము వారు చెప్పిన ఆక్షేపణలు రెండు: మాక్రోలోనుండి ప్రాగ్మాను పుట్టించుటకు వీలు లేదు, ఒకే ప్రాగ్మా వేరొక కంపైలరులో ఏ అర్థమిచ్చునో ఎవరికిని తెలియదు. మొదటి దానిని 1999 ప్రమాణము ప్రాగ్మా ఆపరేటరుతో తీర్చినది. రెండవది నిలిచియే యున్నది. అయినను వారు ప్రాగ్మాను విడిచి పట్టుకొన్న ఆట్రిబ్యూటునకు అర్థమును మార్చు శక్తి ఏ మాత్రము తగ్గలేదని మీరు గమనింపవలెను. వారు వద్దన్నది శక్తిని గాదు, ఆ శక్తి యొక్క అనిశ్చితిని.

శాస్త్రి : చోటు మార్చినంతనే న్యాయము మారునా? అర్థమనునది ప్రమాణగ్రంథము, ప్రోగ్రాము పాఠము, ఈ రెంటి నుండి మాత్రమే లభింపవలెను. మూడవ గొంతు ఎక్కడ నుండి పలికినను అది మూడవ గొంతే.

శారద : మీరు చెప్పినంత నిండుగా అర్థము ఆ రెంటిలో ఉన్నదా మాస్టారూ? సీ ప్రమాణము అనేక విషయములను కంపైలరు ఇచ్ఛకు వదలినది, మరికొన్నింటిని అనిర్దిష్టములన్నది, ఇంకను కొన్నింటికి అర్థమే లేదని చేతులు కడుగుకొన్నది. సంజ్ఞ గల పూర్ణాంకము హద్దు దాటినప్పుడు ఏమగునో ప్రమాణము చెప్పదు. శూన్య పాయింటరును చదివినచో ఏమగునో చెప్పదు. ఈ ఖాళీలలో మూడవ గొంతు అప్పటికే పలుకుచున్నది; అయితే అది ప్రోగ్రాము పాఠములో లేదు, కంపైలు చేయు ఆజ్ఞావాక్యములో దాగియున్నది. 2009లో లినక్స్ కెర్నెల్‌లో బయటపడిన లోపము మీరెరిగినదే. టన్ అను నెట్‌వర్కు డ్రైవరులో ఒక ఫంక్షను, తనకు వచ్చిన పాయింటరు గుండా ముందుగా ఒక గడిని చదివి, ఆ తరువాతి పంక్తిలో ఆ పాయింటరు శూన్యమా అని పరీక్షించినది. చదివినారు గనుక అది శూన్యము కానేరదు, శూన్యము కానప్పుడు ఈ పరీక్షతో పనిలేదు అని జీసీసీ తర్కించి, పరీక్షను తీసివేసినది. బ్రాడ్ స్పెంగ్లర్ ఆ సందుగుండా కెర్నెల్ అధికారమును చేజిక్కించుకొనుటకు వీలున్నదని లోకమునకు చూపెను. దానికి కెర్నెల్ వారు చేసినదేమి? వరుస తప్పిన ఆ పంక్తిని దిద్దిరి. దానితో తృప్తిపడక, శూన్య పరీక్షలను తొలగింపరాదను ఐచ్ఛికమును మేక్‌ఫైలులో చేర్చిరి. పాయింటర్ల రకములను బట్టి తర్కింపరాదను ఐచ్ఛికము అంతకుముందే అందున్నది.

కనుక కెర్నెల్ సోర్సును మేక్‌ఫైలునుండి వేరుచేసి చదివినచో, మనము చదువునది వేరొక ప్రోగ్రాము. అర్థములో కొంత భాగము పాఠములో లేదు. పాఠమును నడుపువాని చేతిలో నున్నది. ఆ భాగమును నిర్దేశరూపమున పాఠములోనికే తెచ్చి, ఈ ఫైలునందు పూర్ణాంకము హద్దు దాటినచో చుట్టివచ్చునని రచయితయే ప్రకటించినచో, చదువువానికిని, కంపైలు చేయువానికిని ఒకే మాట వినబడదా? మీరు నిర్దేశమునకు అర్థాధికారమును నిరాకరించినచో ఆ అధికారము మాయము కాదు. కంటికి కనబడని చోటికి తరలిపోవును.

శాస్త్రి : ఈ మాట నన్ను ఆలోచింపజేయుచున్నది, దీనిని తేలికగా త్రోసివేయను. పాఠములో లేని అర్థము కంటె పాఠములో నున్న అర్థము మేలని ఒప్పుకొందును. కాని నీ ఏర్పాటులో ఒక పగులున్నది, దానిని చూపనిమ్ము. శూన్య పరీక్షలను తీసివేయవద్దు అని నీవు నిర్దేశమును వ్రాసితివి. ఆ నిర్దేశమును ఎరిగిన కంపైలరు నీ మాట వినును. నీ కోడు పదియేండ్ల తరువాత, నీవెరుగని పరికరముపై, నీవెరుగని కంపైలరు చేతిలో పడును. ఆ కంపైలరునకు నీ నిర్దేశము తెలియదు. తెలియనిదానిని విస్మరింపుమని 1989 నుండి ప్రమాణము దానికి నేర్పియున్నది. అది నిర్దేశమును దాటి, పరీక్షను తీసివేసి, మౌనముగా బైనరీని నీ చేతిలో పెట్టును. నిర్దేశము లేకున్నచో ఆ కోడును చదువువాడు జాగరూకుడై యుండెడివాడు. నిర్దేశమును చూచి, రక్షణ కలదని నమ్మి, నిద్రపోయినాడు. అర్థమును మోయు నిర్దేశము, విస్మరింపదగిన నిర్దేశము ఈ రెండును ఒకటే అగుట కంటె గొప్ప ప్రమాదము నాకు కనబడదు.

శారద : అక్కడికే నేనును రావలెననుకొన్నాను. దీనికి ఊహాకల్పన అవసరము లేదు. ప్రమాణమే ప్రవేశపెట్టిన నిర్దేశములకు ఈ గతి పట్టినది. 1999లో ప్రమాణకర్తలు ఎస్‌టీడీసీ అను మాటతో మొదలగు ప్రాగ్మాలు మూడింటిని తామే నిర్వచించిరి. వానిలో ఫెన్వ్ యాక్సెస్ అనునది, ఈ ప్రోగ్రాము దశాంశములను కుదించు పద్ధతిని నడుమ మార్చును గనుక దానిని మన్నింపుము అని కంపైలరుతో చెప్పుటకు. ఒక సంఖ్యను మరియొక సంఖ్యచే భాగించి, ఫలితమును ఒకసారి క్రిందికిని, ఒకసారి పైకిని కుదించి, సత్యము ఈ రెంటి నడుమ కలదని హామీ ఇచ్చు గణనకు ఇది ప్రాణము. కాని జీసీసీ ఈ నిర్దేశమును అమలుపరచలేదని దాని కైపుస్తకమే చెప్పుచున్నది. ఫలితమేమి? రెండు భాగహారములును ఒకటే గదా అని కంపైలరు ఒక్కసారి చేసి, క్రింది హద్దునకును, పై హద్దునకును ఒకే సంఖ్యను ఇచ్చును. హద్దుల నడుమ నుండవలసిన సత్యము హద్దుల వెలుపల పడును. హెచ్చరికలన్నియు కావలెనని కోరినవారికి, ఈ ప్రాగ్మాను విస్మరించుచున్నానని ఒక్క పంక్తి కనబడును. కోరనివారికి అదియును లేదు. రౌండింగ్ మ్యాథ్ అను ఐచ్ఛికమును ఆజ్ఞావాక్యములో ఇచ్చిననే కొంత రక్షణ. మరల అర్థము పాఠమును విడిచి మేక్‌ఫైలునకు చేరినది.

శాస్త్రి : అట్లయిన మన ఇద్దరి వాదములకును మూలమున ఒక అవివేకమున్నది: భిన్నజాతుల వాక్యములను ఒకే పేరుతో పిలుచుచున్నాము. మీమాంసకులు వేదవాక్యములన్నిటిని ఒకే త్రాసున తూచలేదు. చేయుమని శాసించునది విధి. చేయవచ్చునని ఒప్పుకొనునది అనుజ్ఞ. ప్రశంసించి ప్రోత్సహించునది అర్థవాదము. నిర్దేశములను కూడ ఇట్లు విడదీసి చూడుము. ఈ లూపును విడదీయుము, ఈ హెచ్చరికను అణచుము అనునవి అర్థవాదములు. విన్నను వినకున్నను ఫలితము మారదు. ఈ రెండు పాయింటర్లు ఒకే చోటిని తాకవని హామీ ఇచ్చు రెస్ట్రిక్ట్, ఈ లూపులో ఒక అడుగు మరియొక అడుగుపై ఆధారపడదని హామీ ఇచ్చు క్రే ఫోర్ట్రాన్‌లోని ఐవీడెప్, ఇవి అనుజ్ఞలు. వీనిని విననివాడు కొంత వేగమును పోగొట్టుకొనునే గాని తప్పు చేయడు. ప్యాక్, ఫెన్వ్ యాక్సెస్, శూన్య పరీక్షలను తీయవద్దను మాట, ఇవి విధులు. వీనిని విననివాడు వేరొక ప్రోగ్రామును తయారుచేయుచున్నాడు. నా కొట్టివేత పరీక్ష మొదటి రెండు జాతులకు చక్కగా వర్తించును. మూడవ జాతికి వర్తించదు. వర్తింపజేయబూనుట నా పొరపడిన పట్టుదల అని నీవు చెప్పినచో కాదనను.

శారద : ఈ విభాగము చాల ఉపకరించును, దానిలోని ఒక సూక్ష్మమును మీ ముందుంచెదను. ఒకే నిర్దేశము ఒక స్థితిలో అనుజ్ఞయు, మరియొక స్థితిలో విధియు కావచ్చును. ఎఫ్‌పీ కాంట్రాక్ట్ అను ప్రాగ్మాను చూడుడు. గుణించి కూడు రెండు పనులను కలిపి ఒకేసారి కుదించుటకు నేటి ప్రాసెసర్లలో ఒక ఆజ్ఞ కలదు. దానిని వాడుకొనవచ్చునని ఆన్ అను మాట చెప్పును. అది అనుజ్ఞ, కంపైలరు వాడకున్నను దోషము లేదు. ఆఫ్ అను మాటయో, కలుపవద్దను విధి. ఎక్స్ వర్గమునుండి వై వర్గమును తీసివేసి, వచ్చినదానికి వర్గమూలమును కట్టు పంక్తి ఉన్నదనుకొనుడు. రెండును సమానములైనప్పుడు, రెండు వర్గములును విడివిడిగా కుదించినచో భేదము సరిగా సున్న. కలిపి చేసినచో ఒక వర్గము కుదింపు లేకయు, మరియొకటి కుదింపుతోను నిలిచి, వాని నడుమ ఒక అణుమాత్రపు శేషము మిగులును. అది ఋణసంఖ్య యైనచో వర్గమూలము సంఖ్యయే కాకపోవును; అచ్చటినుండి గణనమంతయు చెడును. కనుక ఆన్ అనునదానిని విస్మరించిన కంపైలరు నిర్దోషి. ఆఫ్ అనునదానిని విస్మరించినది దోషి. ఫెన్వ్ యాక్సెస్ విషయమున ఇది తలక్రిందులు: అక్కడ ఆన్ విధి, ఆఫ్ అనుజ్ఞ. నిర్దేశము పేరును బట్టి గాక, అది కంపైలరు స్వేచ్ఛను పెంచుచున్నదా తగ్గించుచున్నదా అని చూచియే మనము తీర్పు చెప్పవలెను. స్వేచ్ఛను పెంచు మాటను వినకపోవుట ఎన్నడును అపరాధము గాదు; తగ్గించు మాటను వినకపోవుట ఎన్నడును క్షమార్హము గాదు.

శాస్త్రి : సెబాసు! నా మూడు జాతులను నీవు ఒక్క ప్రశ్నలోనికి తెచ్చితివి. అయినను అనుజ్ఞను అంత నిరపాయమని వదలివేయకుము. అనుజ్ఞ వెనుక ప్రోగ్రామరు చేసిన హామీ ఉన్నది. ఆ హామీ అసత్యమైనచో, దానిని వినిన కంపైలరు చేతిలోనే ప్రోగ్రాము చెడును. 1988లో ప్రమాణసంఘము నోఎలియాస్ అను విశేషణమును తేబోయినప్పుడు, సీ భాషకు కర్తయైన డెనిస్ రిచీ తీవ్రముగా వ్యతిరేకించి దానిని తీసివేయించుటకు కారణమిదే: ఆ హామీకి హద్దులెక్కడనో స్పష్టము కాలేదు. పది సంవత్సరములకు పిమ్మట దాని ప్రయోజనమే, సూక్ష్మమైన నిర్వచనముతో, రెస్ట్రిక్ట్ రూపమున భాషలో చేరినది. హామీ తీసికొనువాడు ఏమి హామీ తీసికొనుచున్నాడో అక్షరాక్షరము చెప్పవలెనని ఆ ఉదంతము నేర్పుచున్నది.

శారద : ఓపెన్ ఎంపీ నేర్పునదియు ఇదియే. 1998లో సీ, సీ ప్లస్ ప్లస్ భాషలకు వెలువడిన ఆ ఏర్పాటులో, లూపునకు పైన ఒక ప్రాగ్మాను వ్రాసినచో అనేక ప్రాసెసర్లు దానిని పంచుకొని చేయును. ఆ ప్రాగ్మాను ఎరుగని కంపైలరు అదే లూపును ఒంటరిగా నడుపును. పదిలక్షల దశాంశసంఖ్యలను కూడు లూపునకు రిడక్షన్ అను ఉపవాక్యమును చేర్చినచో, ఒక్కొక్క త్రెడ్డు తన వాటాను కూడి, ఆపై వాటాలన్నియు కలిసికొనును. కూడిక వరుస మారినందున మొత్తములో తుది అంకెలు స్వల్పముగా మారవచ్చును. ఆ మార్పునకు రచయిత సమ్మతించినాడని ఆ ఉపవాక్యమే సాక్ష్యము. దానిని మరచినచో త్రెడ్లు ఒకే గడిపై పోటీపడి, అడ్డదిడ్డమైన సంఖ్యను ఇచ్చును. ఒంటరి నడకలో సరియైన ప్రోగ్రాము ఇక్కడ చెడుట, చేసిన హామీ అసత్యమగుట వలననే. పాతికేండ్లుగా శాస్త్రజ్ఞులు దీనిని నమ్మి వాడుచున్నారన్నచో, విస్మరించిననూ సత్యమే మిగులునను ఆ నిర్మాణమే కారణము.

శాస్త్రి : అయితే విధుల సంగతి తేల్చుకొందము. నా అభిప్రాయము: విధి ప్రాగ్మా వేషమున రానే కూడదు. అది భాషలో పదముగనో, రకముగనో, గ్రంథాలయములోని ఫంక్షనుగనో రావలెను. ఏలయన తెలియని పదమును చూచిన కంపైలరు తప్పని చెప్పి ఆగును, తెలియని ప్రాగ్మాను చూచిన కంపైలరు దాటిపోవును. 2011 ప్రమాణము చిరునామాల అమరికను పెంచుటకు అలైనాస్ అను పదమునే తెచ్చినది, ప్రాగ్మాను తేలేదు. రహస్యపదమును వాడిన తరువాత స్మృతినుండి తుడిచివేయు మెమ్‌సెట్ పిలుపును, ఆ స్మృతిని మరల ఎవరును చదువరు గదా అని ఆప్టిమైజరు తొలగించుచుండగా, ఆ భాగమునకు ఆప్టిమైజేషనును ఆపు ప్రాగ్మాలను కొందరు వాడిరి. సీ23 దానికి చేసిన చికిత్స మెమ్‌సెట్ ఎక్స్‌ప్లిసిట్ అను ఫంక్షను. అది లేనిచోట లింకరు ఆగిపోవును. మౌనముగా మోసము జరుగదు.

శారద : మార్గము మంచిదే, కాని దాని వేగమును చూడుడు. 1989 తరువాత 1999, దాని తరువాత 2011, పిమ్మట 2024. పరికరములు అంతకాలము ఆగవు. కొత్త అర్థము భాషలో చేరుటకు ముందు, పని చేయువారి చేతులలో పరీక్షకు నిలువవలెను. ఆ పరీక్షాస్థలము నిర్దేశమే. కనుక ప్రాగ్మానుండి విధిని వెడలగొట్టక, విధిని విధిగా చెప్పుకొను వీలును ప్రాగ్మాకు కల్పింపుడని నా మనవి. ఇది తప్పనిసరి అను ఒక్క గుర్తు నిర్దేశమునందుండవలెను. ఆ గుర్తు గలదానిని ఎరుగని కంపైలరు, నాకిది తెలియదు, కావున ఈ ఫైలును కంపైలు చేయను అని చెప్పవలెను. అది వచ్చువరకు మా బోంట్లు చేయవలసినది చేయుచునే యున్నాము. బీఎంపీ హెడరు స్ట్రక్చరు క్రింద, దీని పరిమాణము 14 కానిచో కంపైలు ఆపుమని స్టాటిక్ అసర్ట్ ఒకటి వ్రాయుదును. ప్యాక్ నిర్దేశమును కంపైలరు విస్మరించినచో పరిమాణము 16 అగును; అసర్ట్ తప్పును; బైనరీ పుట్టదు.

శాస్త్రి : ఆ ఒక్క పంక్తిలో మన ఇద్దరి వాదములును కలిసికొనుచున్నవి. నిర్దేశము నీ పక్షమున అర్థమును మార్చినది. అసర్ట్ నా పక్షమున, భాషలోనే నిలిచి, ఆ మార్పు జరిగినదని సాక్ష్యము చెప్పినది. కాని కుదింపు పద్ధతికి ఇట్టి సాక్షి లేదు గదా! రెండు భాగహారములను కంపైలరు ఒకటిగా చేసినదా లేదా అని కంపైలు వేళ అడుగు అసర్ట్‌ను ఎవరు వ్రాయగలరు?

శారద : ఎవరును వ్రాయలేరు. ప్రోగ్రామును నడిపి, తెలిసిన ఉదాహరణములపై హద్దులు వేరుపడుచున్నవో లేదో పరీక్షించుటయే మార్గము; అదియును ఆ ఉదాహరణములకే సాక్ష్యము. అందుచేతనే తప్పనిసరి గుర్తు ప్రమాణములో రావలెనని పట్టుబట్టుచున్నాను. సాక్షి దొరకు చోట దానితో సరిపెట్టుకొందుము; సాక్షి దొరకని చోట కంపైలరు సత్యసంధతయే మనకు దిక్కు.

శాస్త్రి : విధులకు భాషలో పదమే తగినదని నేనింకను అనుకొనుచున్నాను, నిర్దేశము దానికి తాత్కాలికమైన విడిది మాత్రమే. నీవు ఆ విడిదికే గట్టి తలుపు కావలెనని కోరుచున్నావు. ఈ భేదము నిలిచిననూ, కంపైలరు రచయితలకును, ప్రమాణకర్తలకును మన ఇద్దరము ఏకకంఠముగా చెప్పదగినది ఒకటున్నది. విస్మరింపదగిన మాట అర్థమును మార్చరాదు. అర్థమును మార్చు మాటను విస్మరింపరాదు. ఈ రెండు వాక్యములలో దేనిని ఉల్లంఘించినను, ప్రోగ్రాము వ్రాసినవాడు ఒకటి చెప్పును, యంత్రము వేరొకటి చేయును, ఆ రెంటి నడుమ నున్న కంపైలరు దానిని ఎరిగియు మౌనము వహించును.

శారద : ఆ మౌనమునకు ప్రమాణమే అనుమతి ఇచ్చియున్నది గనుక, దానిని ఉపసంహరించుకొనవలసినదియు ప్రమాణమే. అంతవరకు విధిని వ్రాయు ప్రతి ప్రోగ్రామరును దానికి తగిన సాక్షిని కూడ వ్రాయవలెను. తెలియని ప్రాగ్మాను హెచ్చరికగా గాక తప్పుగానే పరిగణింపుమని కంపైలరును ఆజ్ఞాపింపవలెను. ఈ రెండు పనులకును నేడే వీలున్నది. వానికి ఏ సంఘము అనుమతియు అక్కరలేదు.